పదమూడేళ్ల కిందటి ఆసుపత్రి కాగితం, ఇప్పుడు తుపాకీ ఫారం: వర్జీనియాలో ఎవరికైనా అనుభవం ఉందా?

పెన్నా_ఒడ్డు
మాది నెల్లూరు దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్లుగా వర్జీనియాలో ఉంటున్నాం. పోయినేడే సిటిజన్‌షిప్ వచ్చింది. ఇప్పుడు చెప్పబోయేది నా భార్యకి తప్ప ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్లని అడగలేక ఇక్కడ అడుగుతున్నాను.

మా అబ్బాయికి పదమూడేళ్లు. ఈ ఏడాది 4-హెచ్ అనే పిల్లల క్లబ్బులో షాట్‌గన్ షూటింగ్‌లో చేరాడు. గాల్లోకి విసిరే నారింజ రంగు మట్టి బిళ్లల్ని కొట్టే ఆట. బిళ్ల పొడిపొడి అయినప్పుడు వాడి మొహం చూడాలి. చదువు తప్ప వేరే దేంట్లోనూ వాణ్ణి అంత సంతోషంగా చూడలేదు. కోచ్ "మీవాడికి చెయ్యి కుదిరింది, సొంతది ఒకటి కొనండి" అన్నాడు. పోయిన శనివారం షాపుకి వెళ్లాం.

కౌంటర్ మీద ఫారాలు పెట్టాడు. ఒకటి ఫెడరల్‌ది, ఇంకోటి రాష్ట్ర పోలీసులది. పేరు, ఎత్తు, బరువు రాసుకుంటూ పోయాను. మానసిక చికిత్స ప్రశ్న దగ్గర చెయ్యి ఆగిపోయింది. మావాడు పక్కనే నిలబడి షాట్‌గన్ల వరస చూస్తున్నాడు. "పర్సు కార్లో మర్చిపోయాను" అని చెప్పి ఫారాలు మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చేశాను. వాడికి ఇప్పటికీ అసలు సంగతి చెప్పలేదు.

2012లో జరిగింది ఇదీ. వాడు పుట్టి ఆరు నెలలు. ఊళ్లో నాన్న పోయారు. వీసా స్టాంపింగ్‌లో ఇరుక్కుంటానేమోనని వెళ్లలేదు. తర్వాత నెలకే ప్రాజెక్టు పోయింది. నెలన్నర సరిగ్గా నిద్ర లేదు. ఒక రాత్రి ప్రాణం తీసుకోవాలనుకున్నాను. నా భార్య 911కి ఫోన్ చేసింది. పోలీసులు వచ్చారు, ఆసుపత్రిలో పెట్టారు, టీడీఓ అని ఏదో ఆర్డర్ ఇచ్చారు. రెండు రోజులయ్యాక ఆసుపత్రిలోనే చిన్న గదిలో హియరింగ్. "నీ అంతట నువ్వు చేరతావా, ఆర్డర్ వెయ్యమంటావా" అని అడిగారు. నా అంతట నేనే చేరతానని సంతకం పెట్టాను. ఆరు రోజులున్నాను. రెండేళ్లు మందులు వాడాను. ఆ తర్వాత ఈ రోజు వరకు ఏమీ లేదు.

స్వచ్ఛందంగా చేరాను కాబట్టి "లేదు" అని రాయొచ్చా? రాయకూడదంటే, ఈ మచ్చ ఎప్పటికీ పోదా?

డాలస్_బావ
ఫారం మధ్యలో ఆపేశారు చూడండి, అక్కడే మీరు సగం గెలిచారు. తప్పు రాసి సంతకం పెట్టి ఉంటే కథ వేరేగా ఉండేది. ఆ కాగితం మీద అబద్ధం రాయడమే పెద్ద కేసు.

మినపట్టు
స్వచ్ఛందంగా చేరితే లెక్కలోకి రాదు కదా? మా కొలీగ్ ఒకతను తనంతట తానే వెళ్లి పది రోజులున్నాడు. ఆ తర్వాత కొన్నాడు కూడా. "లేదు" అని రాసేయండి.

బార్_కౌన్సిల్_బాబాయ్
@మినపట్టు, ఆగమ్మా. సగం నిజమే చెప్పావు. మిగతా సగం ఆయన్ని జైలుకి పంపగలదు.

ఇక్కడ రెండు చట్టాలున్నాయి. ఫెడరల్ చట్టం 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్. కోర్టు గానీ, బోర్డు గానీ, చట్టబద్ధమైన ఇంకో అధికారి గానీ బలవంతంగా మానసిక ఆసుపత్రిలో చేర్పిస్తే జీవితాంతం తుపాకీ పట్టకూడదు, తూటా కూడా కొనకూడదు. మీ అంతట మీరు చేరడం, పరిశీలన కోసం ఉంచడం ఆ లెక్కలోకి రావని నిబంధనలోనే రాసి ఉంది. మినపట్టు కొలీగ్ ఈ లెక్కలో బయటపడ్డాడు.

వర్జీనియాకి తన సొంత చట్టం ఉంది. సెక్షన్ 18.2-308.1:3. టీడీఓ, అంటే తాత్కాలిక నిర్బంధ ఆదేశం కింద లోపలికి వెళ్లి, ఆ తర్వాత "సరే, నేనే చేరతాను" అని ఒప్పుకున్నవాళ్లని కూడా అది నిషేధంలో పెట్టింది. కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లకూడదు. పెన్నా గారూ, మీది అచ్చంగా ఇదే.

మచ్చ పోదా అంటారా, పోతుంది. దారి ఆ సెక్షన్‌లోనే ఉంది. మీరు ఉంటున్న కౌంటీ జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో హక్కు తిరిగి ఇమ్మని పిటిషన్ వేసుకోవచ్చు.

పెన్నా_ఒడ్డు
అంటే పదమూడేళ్లుగా నాకు నిషేధం ఉంది, నాకే తెలియదు. సంతకం పెట్టించుకున్న రోజు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉన్నా ఆ స్థితిలో నా బుర్రకి ఎక్కి ఉండేది కాదేమో.

రాత్రి_డ్యూటీ_నర్స్
నేను వర్జీనియాలోనే సైకియాట్రీ వార్డులో చేస్తాను. చెప్తారు తమ్ముడూ, కాగితం కూడా ఇస్తారు. కానీ రెండు రాత్రులు నిద్ర లేకుండా, కాళ్లకి ఆసుపత్రి సాక్సులతో, బెల్టూ షూ లేసులూ తీసేసుకున్న మనిషికి ఆ కాగితంలో ఏం కనపడుతుంది? "ఇంటికి ఎప్పుడు పంపుతారు" అన్నది ఒక్కటే కనపడుతుంది. అందరూ అదే అడుగుతారు. నువ్వూ అదే అడిగి ఉంటావు.

ఇంకో మాట. నీ భార్య 911కి ఫోన్ చేసింది కాబట్టే ఇవాళ నీ కొడుకు పక్కన నిలబడి ఉన్నావు. ఆ ఆర్డర్ని మచ్చ అనకు.

ఎడిసన్_అక్క
నర్సుగారి మాటకి వంద దణ్ణాలు.

వరంగల్_శీను
ఒక డౌట్. సొంతంగా ఒప్పుకున్నవాళ్లని కూడా నిషేధంలో పెట్టడం అన్యాయం కాదా? ఒప్పుకుంటే శిక్ష, ఒప్పుకోకపోయినా శిక్ష. ఇంక ఎవరు ఒప్పుకుంటారు?

బార్_కౌన్సిల్_బాబాయ్
ఆ నిబంధన ఎందుకొచ్చిందో తెలిస్తే కోపం కొంచెం తగ్గుతుంది శీనూ. 2007 ఏప్రిల్ 16, వర్జీనియా టెక్. 32 మందిని చంపిన ఆ కుర్రాణ్ణి 2005 డిసెంబర్‌లోనే ఒక స్పెషల్ జస్టిస్ "తనకు తాను ప్రమాదం" అని తేల్చి, ఔట్‌పేషెంట్ చికిత్సకి ఆదేశించాడు. ఆసుపత్రిలో చేర్చుకోమన్న ఆర్డర్ కాదు కాబట్టి వర్జీనియా ఆ పేరుని, తుపాకీ అమ్మే ముందు చూసే బ్యాక్‌గ్రౌండ్ చెక్ జాబితాకి పంపలేదు. అతను షాపులో మామూలుగా ఫారం నింపి రెండు తుపాకులు కొన్నాడు. ఆ సందు మూయడానికి ముందు గవర్నర్ టిమ్ కెయిన్ ఆదేశం ఇచ్చాడు, తర్వాత అసెంబ్లీ చట్టాన్ని బిగించింది. టీడీఓ తర్వాత ఒప్పుకున్నవాళ్లు జాబితాలోకి వచ్చింది ఆ బిగింపులోనే.

అదే ఘటన తర్వాత కాంగ్రెస్ ఇంకో చట్టం చేసింది. 2008 జనవరిలో బుష్ సంతకం పెట్టాడు. రాష్ట్రాలు రికార్డులు పంపాలి, దానికి డబ్బిస్తాం, కానీ డబ్బు కావాలంటే కోలుకున్నవాడు హక్కు తిరిగి అడిగే పద్ధతి కూడా పెట్టాలి అని అందులో ఉంది. తలుపు మూసిన చట్టమే తాళంచెవి కూడా ఇచ్చింది. ఈ రెండో సంగతి చాలామందికి తెలియదు.

పల్నాటి_పులి
మా తాతకి లైసెన్సు తుపాకీ ఉండేది. ఎలక్షన్లు వస్తే స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. కౌంటింగ్ అయ్యాక మళ్లీ తెచ్చుకునేవాడు. మా నాయనమ్మ "మనవళ్ల కన్నా దానికే ప్రయాణాలు ఎక్కువ" అనేది. అక్కడ అది హక్కు కాదు, సర్కారు దయ తలిస్తే ఇచ్చే లైసెన్సు. 1959 ఆర్మ్స్ యాక్ట్‌లో "మతి స్థిమితం లేనివాడు" అని కలెక్టర్‌కి అనిపిస్తే చాలు, లైసెన్సు రాదు. ఇక్కడ కోర్టుకెళ్లి "నా హక్కు నాకివ్వండి" అని అడగొచ్చంటే వింతగానే ఉంది.

డాలస్_బావ
@పల్నాటి_పులి, ఆ రసీదులు దాచుకున్నారా? మ్యూజియంలో పెట్టొచ్చు.

పల్నాటి_పులి
ట్రంకు పెట్టెలో ఉన్నాయి. నాయనమ్మ చీరల కింద.

కడప_చిన్నది
ఇలా రాస్తున్నందుకు ఎవరూ బాధపడొద్దు. మా తమ్ముడు అరిజోనాలో ఉండేవాడు. డిప్రెషన్. మందులు వాడాడు, బాగయ్యాడని అందరం అనుకున్నాం. వాడి రూంమేట్ దగ్గర గన్ను ఉండేది. ఇంతకంటే రాయలేను.

ఈ దేశంలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. తుపాకీతో ప్రయత్నించినవాళ్లలో దాదాపు పదిమందిలో తొమ్మిదిమంది మిగలరు. వేరే దారుల్లో ప్రయత్నించి బతికి బయటపడినవాళ్లు ఎక్కువమంది మళ్లీ ఆ పని చెయ్యరు. మా తమ్ముడికి ఆ రెండో అవకాశం రాలేదు. పెన్నా అన్నా, మీకు వచ్చింది. ఇంట్లోకి అది తేవద్దు. మట్టి బిళ్లలు కొట్టడానికి క్లబ్బు తుపాకీ చాలు.

పెన్నా_ఒడ్డు
చెల్లెమ్మా, చదివి చాలాసేపు కూర్చున్నాను. జవాబు ఏం రాయాలో తెలియలేదు. నువ్వు చెప్పింది కాదనను.

మినపట్టు
@కడప_చిన్నది అక్కా, సారీ. పైన తేలిగ్గా "రాసేయండి" అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది.

గోదారి_గట్టు
చెల్లెలి బాధ అర్థమవుతుంది. కానీ ఇంకో వైపు కూడా చెప్పాలి. ఇలా పిటిషన్ వేసే పని నేను న్యూజెర్సీలో చేశాను. నాకు తుపాకీ అక్కర్లేదు, ఇప్పటికీ లేదు. అయినా చేశాను. ఎందుకంటే 2009లో ఒక చెడ్డ నెలలో నామీద పడ్డ ముద్ర నా చివరిరోజు దాకా ఎక్కడో ఫైలులో పడి ఉంటుందన్న ఆలోచన నన్ను తినేసేది.

న్యూజెర్సీలో దీన్ని ఎక్స్‌పంజ్‌మెంట్, అంటే రికార్డు చెరిపించుకోవడం, అంటారు. కౌంటీ సుపీరియర్ కోర్టులో పిటిషన్. రికార్డులు కౌంటీ అడ్జస్టర్ అనే ఆఫీసులో ఉంటాయి. ఆ పేరు విని మొదట ఇన్సూరెన్స్ వాళ్లేమో అనుకున్నాను. పాత ఆసుపత్రి రికార్డులు తెప్పించుకోవడానికే నాలుగు నెలలు పట్టింది. ఒక ఆసుపత్రి చేతులు మారి రికార్డులు ఎక్కడో గోడౌన్‌లో ఉన్నాయన్నారు. ఇప్పుడు చూసే డాక్టర్ దగ్గర ఉత్తరం, ఇద్దరు స్నేహితులవి, నా మేనేజర్‌ది, మా గుడి కమిటీలో పెద్దాయనది.

మేనేజర్ని అడిగే రోజు ఉంది చూడండి, ఆ టెన్షన్ కోర్టు రోజు కూడా లేదు. గది తలుపు వేసి మొత్తం చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "మా ఆవిడకీ ఇలాగే అయింది" అన్నాడు. ఆ మధ్యాహ్నమే ఉత్తరం రాసిచ్చాడు.

జడ్జి నన్ను పెద్దగా ఏమీ అడగలేదు. "రాత్రిపూట నిద్ర పట్టకపోతే ఎవరికి ఫోన్ చేస్తావు?" అన్నాడు. మా అన్నయ్య పేరు చెప్పాను. "ఇక్కడ రాత్రి అయితే అక్కడ పగలు, ఆయన ఎప్పుడూ మెలకువగానే ఉంటాడు" అన్నాను. ఆయన నవ్వి రాసుకున్నాడు.

కడప_చిన్నది
@గోదారి_గట్టు, మీరు చెప్పింది వేరు అన్నా. పేరు మీద మచ్చ తీయించుకోవడం ఒకటి, ఇంట్లో తుపాకీ పెట్టుకోవడం ఇంకోటి. మొదటిదానికి నేను అడ్డం రాను.

బార్_కౌన్సిల్_బాబాయ్
చిన్నమ్మాయి గీసిన గీత చాలా మంచి గీత. చట్టం రెండూ కలిపే ఇస్తుంది. కానీ మనిషి విడదీసుకోవచ్చు. హక్కు తెచ్చుకుని తుపాకీ తెచ్చుకోకపోవచ్చు.

ఎల్లే_టు_ఏలూరు
కాలిఫోర్నియా సంగతి చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మా ఆవిడకి కాన్పు తర్వాత బాగాలేక 5150 కింద, అంటే అత్యవసరంగా ఆసుపత్రిలో ఉంచే సెక్షన్ కింద, 72 గంటలు పెట్టారు. ఐదేళ్లు రాష్ట్ర నిషేధం. ఆ ఐదేళ్లలో ఒకసారి సుపీరియర్ కోర్టులో హియరింగ్ అడగొచ్చు. అక్కడ "ఈమె తుపాకీని జాగ్రత్తగా వాడలేదు" అని నిరూపించాల్సిన బరువు ప్రభుత్వం మీద ఉంటుంది. మేం అడగలేదు. మాకు గన్నులూ లేవు, ఆసక్తీ లేదు. ఐదేళ్లు వాటంతటవే గడిచాయి. 5150 దాటి 5250 దాకా, అంటే 14 రోజుల దాకా వెళ్తే ఫెడరల్ నిషేధం కూడా పడుతుంది, అది గడువుతో పోదు.

వరంగల్_శీను
రాష్ట్రానికో రకంగా ఉందేంటి ఇది. ఉగాది పచ్చడి లాగా ఇంటికో రుచి.

చికాగో_చింతచిగురు
ఇల్లినాయ్ ఇంకా వేరు. ఇక్కడ తుపాకీకి ముందు ఫోయిడ్ కార్డు, అంటే తుపాకీ ఉంచుకోవడానికి రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు, కావాలి. గత ఐదేళ్లలో మానసిక ఆసుపత్రిలో ఇన్‌పేషెంట్‌గా ఉంటే, నీ అంతట నువ్వే నడుచుకుంటూ వెళ్లి చేరినా సరే, కార్డు ఇవ్వరు. కాబట్టి "వాలంటరీ అయితే ఏ రాష్ట్రంలోనూ ఫర్వాలేదు" అని ఎవరూ అనుకోవద్దు.

రాత్రి_డ్యూటీ_నర్స్
ఇది చదివి ఎవరైనా "అయితే ఆసుపత్రికే వెళ్లకూడదు" అనుకుంటారేమోనని నాకు భయం. అందుకే విడమరిచి చెప్తున్నా. మా వర్జీనియాలో కౌన్సిలర్ దగ్గరికి వెళ్తే ఏ హక్కూ పోదు. డిప్రెషన్ మాత్రలు వాడితే పోదు. ఫ్యామిలీ డాక్టర్‌తో "నాకు బతకాలని లేదు" అని చెప్పినంత మాత్రాన పోదు. బ్యాక్‌గ్రౌండ్ చెక్ జాబితాలో నీ జబ్బు పేరు ఉండదు, డాక్టర్ రాసిన నోట్సు ఉండవు. ఈ మనిషి కొనకూడదు అన్నంత వరకే ఉంటుంది.

తొందరగా వెళ్తే టీడీఓ దాకా రాదు. ఆలస్యమైతేనే పోలీసులు, ఆర్డర్లు. నిరుడు మన తెలుగాయన ఒకరు, పేరు వద్దు, వేట అంటే ప్రాణం. హంటింగ్ పోతుందని భయపడి ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదట. చివరికి ఆర్డర్ మీదే వచ్చాడు. ముందే వచ్చి ఉంటే రెండూ దక్కేవి.

బతకాలని లేదనిపించినప్పుడు సాయం అడిగే 988 నంబర్ గుర్తుపెట్టుకోండి. 2022 జూలై నుంచి దేశం మొత్తానికి అదే. కాల్ చెయ్యొచ్చు, మెసేజ్ చెయ్యొచ్చు.

ఎడిసన్_అక్క
988 ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేశాను. మా పెద్దాడి ఫోన్‌లో కూడా.

హెచ్‌వన్_హనుమంతు
కొంచెం పక్కదారి. నేను హెచ్-1బి. నాకు అలాంటి చరిత్ర ఏమీ లేదు. షూటింగ్ రేంజ్‌కి ఫ్రెండ్స్‌తో వెళ్లొచ్చా?

బార్_కౌన్సిల్_బాబాయ్
వీసా మీద ఉన్నవాళ్లకి అసలు తుపాకీ పట్టుకోవడమే ఫెడరల్ నిషేధం. రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. అది జేబులో లేకుండా వెళ్లొద్దు. రేంజ్‌లో ఫోటో దిగి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మరీ వద్దు. గ్రీన్‌కార్డు వచ్చాక ఈ నిషేధం ఉండదు.

హెచ్‌వన్_హనుమంతు
ఫోటో డిలీట్ చేశాను.

డాలస్_బావ
హనుమంతూ, గ్రీన్‌కార్డు వచ్చేసరికి నీ మనవడు నిన్ను రేంజ్‌కి తీసుకెళ్తాడులే.

టెక్సాస్_తోట
టెక్సాస్‌లో నా మిత్రుడిది నిజమైన ఇన్‌వాలంటరీ కమిట్‌మెంట్, కోర్టు ఆర్డర్. ఇక్కడ ఏ కోర్టు ఆర్డర్ వేసిందో అదే కోర్టుకి వెళ్లి అడగాలి. రాష్ట్రం ఇచ్చేస్తే ఫెడరల్ కూడా పోయినట్టేనా? ఒక్కొక్కళ్లు ఒక్కోటి చెప్తున్నారు.

బార్_కౌన్సిల్_బాబాయ్
అన్ని రాష్ట్రాల్లో కాదు. రాష్ట్రం పెట్టిన పద్ధతి ఆ 2008 చట్టానికి సరిపోవాలి. సరిపోకపోతే రాష్ట్రంలో గెలిచి కూడా ఫెడరల్ దగ్గర ఆగిపోతారు. వాషింగ్టన్ రాష్ట్రంలో మై అనే ఒకాయన. 1999లో పదిహేడేళ్లప్పుడు ఆసుపత్రిలో పెట్టారు. తర్వాత చదువుకున్నాడు, మైక్రోబయాలజీలో మాస్టర్స్ చేశాడు, ఉద్యోగం, పిల్లలు. 2014లో రాష్ట్ర కోర్టు హక్కు తిరిగిచ్చింది. అయినా ఫెడరల్ నిషేధం పోలేదు. కోర్టుకెక్కితే 2020లో తొమ్మిదో సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీలు కోర్టు అతని మాట ఒప్పుకోలేదు.

దానికి పూర్తి వ్యతిరేకం మిషిగన్‌లో టైలర్ కేసు. విడాకుల దెబ్బకి 1986లో నెలలోపు ఆసుపత్రిలో ఉన్నాడు. పాతికేళ్ల తర్వాత, 2011లో తుపాకీ కొనబోతే కుదరదన్నారు. అప్పట్లో అక్కడ తిరిగి అడిగే పద్ధతే లేదు. 2016లో ఆరో సర్క్యూట్ జడ్జిలందరూ కూర్చుని, ఎప్పుడో ఒకసారి ఆసుపత్రిలో ఉన్నాడని జీవితాంతం నిషేధించడానికి ప్రభుత్వం సరైన కారణం చూపించాలి అని తేల్చారు. ఒకే దేశం, ఒకే రాజ్యాంగం, రెండు సర్క్యూట్లు, రెండు జవాబులు.

టెక్సాస్_తోట
నేరుగా ఫెడరల్ వాళ్లనే అడిగే దారి లేదా?

బార్_కౌన్సిల్_బాబాయ్
చట్టంలో ఉంది. కానీ 1992 నుంచి ఏటేటా కాంగ్రెస్ "ఆ దరఖాస్తుల మీద ఏటీఎఫ్ (తుపాకుల చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ) పైసా ఖర్చు పెట్టకూడదు" అని బడ్జెట్‌లో రాస్తూ వచ్చింది. బావి ఉంది, చేద లేదు. 2025 మార్చిలో న్యాయశాఖ ఆ పనిని ఏటీఎఫ్ చేతుల్లోంచి తీసి తన దగ్గర పెట్టుకుంది. దాని మీద ఆశ పెట్టుకుని రాష్ట్రం దారి మానుకోవద్దు. మీ మిత్రుణ్ణి ముందు ఇలాంటి కేసులు చేసిన లాయర్ని కలవమనండి. ఇక్కడ నేను రాసింది చదివి పిటిషన్ వెయ్యొద్దు.

మిలిటరీ_మేనల్లుడు
నేను ఆర్మీలో ఆరేళ్లు చేశాను. డబ్బు లెక్కలు చూసుకోలేడని వీఏ, అంటే మాజీ సైనికుల బాగోగులు చూసే ఫెడరల్ శాఖ, ఒక మాజీ సైనికుడికి వేరే మనిషిని పెడితే, ఒకప్పుడు ఆ ఒక్క కారణంతోనే పేరు జాబితాకి వెళ్లిపోయేది. జడ్జి ముఖం కూడా చూడకుండానే. 2024 బడ్జెట్ చట్టంలో దాన్ని ఆపారు, జడ్జి ఆర్డర్ ఉంటేనే పంపాలని. చెక్కు బుక్కు రాయలేకపోవడానికీ తుపాకీకీ సంబంధమేంటి? మతిమరుపున్న మా సార్జెంటు ఒకాయన ఇందులో పడి చాలా నలిగాడు.

కడప_చిన్నది
మతిమరుపున్న మనిషి చేతిలో తుపాకీ ఉండటం నాకైతే భయమే మేనల్లుడూ.

మిలిటరీ_మేనల్లుడు
అక్కా, ఆ భయం తప్పు కాదు. ఆయన్ని జడ్జి ముందు కూర్చోబెట్టి తేల్చమంటున్నాను, అంతే. గుమస్తా టిక్కు పెడితే తేలిపోయే విషయం కాకూడదు.

సెయింట్_లూయిస్_సీత
నాదొక ప్రాక్టికల్ ప్రశ్న. భర్తకి నిషేధం ఉంటే భార్య కొనుక్కోవచ్చా? పెన్నా గారి భార్య పేరు మీద కొంటే సరిపోతుంది కదా?

బార్_కౌన్సిల్_బాబాయ్
ఆవిడ తన కోసం కొనుక్కోవచ్చు. ఆయన కోసం ఆవిడ కొంటే నేరం. ఒకే ఇంట్లో ఉన్నప్పుడు సేఫ్ తాళం ఎక్కడుందో ఆయనకి తెలిస్తే, నంబర్ తెలిస్తే, అది ఆయన దగ్గర ఉన్నట్టే అని ప్రాసిక్యూటర్ వాదిస్తాడు. ఇంకో సంగతి పెన్నా గారూ, వర్జీనియా చట్టంలో రవాణా కూడా ఉందని పైన రాశాను. పిటిషన్ తేలే వరకు క్లబ్బు తుపాకీని కూడా మీ కార్లో పెట్టుకుని అబ్బాయిని ప్రాక్టీసుకి తీసుకెళ్లొద్దు.

పెన్నా_ఒడ్డు
అయ్యో. రెండుసార్లు తీసుకెళ్లాను బాబాయ్. డిక్కీలో. కోచ్ అడిగితే "ఏముందిలే" అనుకున్నాను.

బార్_కౌన్సిల్_బాబాయ్
ఇలాంటివి ఇక్కడ రాయొద్దు. లాయర్‌కి చెప్పండి. రేపటి నుంచి కోచ్ బండిలోనే వస్తుంది, అంతే.

రాత్రి_డ్యూటీ_నర్స్
తమ్ముడూ, అబ్బాయికి నిజం చెప్పు. పర్సు మర్చిపోయాననే మాట పదమూడేళ్ల పిల్లాడికి ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఎడిసన్_అక్క
అవును. పిల్లలకి మనం అనుకున్న దానికన్నా ఎక్కువ తెలుస్తుంది.

పెన్నా_ఒడ్డు
చెప్పాను. రాత్రి భోజనాలయ్యాక పెరట్లో కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. తాతయ్య పోవడం, ఉద్యోగం పోవడం, అమ్మ ఫోన్ చెయ్యడం. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అప్పుడు నేను ఏడ్చేవాణ్ణా?" అని అడిగాడు. "నువ్వు ఆరు నెలల వాడివి, ఎప్పుడూ ఏడుస్తూనే ఉండేవాడివి" అన్నాను. ఇద్దరం నవ్వాం. లోపలికి వెళ్లేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేశాడు. అంత ఎత్తు పెరిగాడని అప్పుడే చూశాను.

లాయర్ని పెట్టుకున్నాను. పిటిషన్ వేస్తున్నాను.

గోదారి_గట్టు
శుభం. ఉత్తరాలు త్వరగా మొదలుపెట్టండి. "మంచివాడు" అని రాస్తే సరిపోదు. మిమ్మల్ని ఎన్నేళ్లుగా చూస్తున్నారు, కష్టం వచ్చినప్పుడు మీరు ఏం చేశారు, అది రాయమనండి. లేఆఫ్ వచ్చిందా ఈ మధ్య? అప్పుడు ఎలా ఉన్నారో చూసినవాడి ఉత్తరం బంగారం.

పెన్నా_ఒడ్డు
2023లో వచ్చింది. ఐదు నెలలు ఖాళీ. అప్పుడు రోజూ నాతో వాకింగ్‌కి వచ్చిన పక్కింటి పెద్దాయన ఉన్నారు. ఆయన్నే అడుగుతాను.

పల్నాటి_పులి
ఏమైందో వచ్చి చెప్పండి. మధ్యలో వదిలెయ్యొద్దు.

మినపట్టు
నాలుగు నెలలైంది. పెన్నా గారూ, కబురు లేదు?

పెన్నా_ఒడ్డు
క్షమించాలి, నిన్ననే తేలింది. పాత రికార్డుల కోసమే రెండున్నర నెలలు పోయింది. హియరింగ్ ఇరవై నిమిషాలు. పిటిషన్ కాపీ కామన్వెల్త్ అటార్నీకి, అంటే ప్రభుత్వ ప్రాసిక్యూటర్‌కి, వెళ్తుంది, అక్కడినుంచి ఒకావిడ వచ్చింది. మర్యాదగానే అడిగింది. ఇప్పుడు మందులు వాడుతున్నావా, ఆపినప్పుడు డాక్టర్ చెప్పి ఆపాడా, నీ అంతట నువ్వే ఆపావా. డాక్టర్ చెప్పి ఆపిన కాగితం ఉంది, చూపించాను. పక్కింటాయన ఉత్తరం జడ్జి రెండుసార్లు చదివాడు. ఆయన సాక్షిగా కోర్టుకి కూడా వచ్చారు, డెబ్బై ఎనిమిదేళ్లు, టై కట్టుకుని.

ఈ మనిషి వల్ల ప్రజలకి ప్రమాదం ఉండదు, ఇవ్వడం ప్రజాహితానికి వ్యతిరేకం కాదు, ఈ రెండూ తేలితే చాలట. తేలాయని చెప్పి సంతకం పెట్టాడు. బయటికొచ్చి నా భార్య ఏడ్చింది. ఆ రాత్రి ఫోన్ చేసి తప్పు చేశానేమోనని పదమూడేళ్లుగా లోపల దాచుకుందట. నాకు ఇప్పుడే తెలిసింది.

గోదారి_గట్టు
మనసు నిండింది. చెల్లెమ్మకి మా అందరి తరఫున చెప్పండి, తప్పు చెయ్యలేదని.

డాలస్_బావ
పక్కింటాయనకి పెసరట్టు ఉప్మా పార్టీ ఇవ్వాల్సిందే.

పెన్నా_ఒడ్డు
ఆదివారం పిలిచాం. అల్లం పచ్చడి ఎక్కువ వెయ్యొద్దని నా భార్యకి ముందే చెప్పాను.

కడప_చిన్నది
సంతోషం అన్నా. నిజంగా. ఒక్కటే అడుగుతాను. షాట్‌గన్ కొన్నారా? ఎక్కడ పెడుతున్నారు?

పెన్నా_ఒడ్డు
కొన్నాం చెల్లెమ్మా. ఇంటికి రాలేదు. క్లబ్బు లాకర్లోనే ఉంటుంది. ఒక తాళం కోచ్ దగ్గర, ఇంకోటి నా భార్య దగ్గర. నేను అడగలేదు, అడగను. శనివారం లాకర్ దగ్గర్నుంచి మైదానం దాకా ఆ పెట్టె నేను మోశాను. అదొక్కటే నాకు కావాల్సింది.

కడప_చిన్నది
సరే అన్నా. మీవాడు ఎన్ని కొట్టాడు?

పెన్నా_ఒడ్డు
ఇరవై ఐదింట్లో పద్దెనిమిది.